అంగడి మూయని ఇమామ్

ఏ ఊరికి వెళ్ళినా మాకు తరచు ఒకే దృశ్యం ఎదురవుతుంది. డిగ్రీ పూర్తిచేసిన అబ్బాయి ఇంట్లోనే ఉంటాడు. తండ్రికి బజారులో చిన్న కొట్టు ఉంటుంది. అది బట్టలదో, చెప్పులదో, ఇనుప సామానుదో కావచ్చు. ఆ కొట్టు సంపాదనతోనే అబ్బాయి చదువు సాగింది. అయినా వాడు ఆ కొట్లో కూర్చోవడం తల్లికి ఇష్టం ఉండదు. ఇంత చదివించింది గజంబద్ద పట్టుకోవడానికా అని ఆమె బాధ. ఉద్యోగ ప్రకటన కోసమో, గల్ఫ్ వీసా కోసమో ఎదురుచూస్తూ మూడేళ్ళు, నాలుగేళ్ళు గడిచిపోతాయి. ఈలోగా తండ్రి మోకాళ్ళు అరిగిపోతాయి. కొట్టు బేరానికి వెళ్తుంది.

చదువుకున్నవాడు వ్యాపారం చేయకూడదనే ఈ భావన మన ఇళ్ళలోకి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, నమాజు మొదలు నికాహ్ వరకు మనలో అత్యధికులు ఎవరి ఫిఖ్హ్‌ను అనుసరిస్తున్నారో ఆ మహనీయుని జీవితంలో మాత్రం దాని జాడ లేదు. ఆయనే ఇమామె ఆజమ్ హజ్రత్ అబూ హనీఫా (రహ్మలై). ఆయన ధర్మశాస్త్ర పాండిత్యం గురించి మన పత్రికల్లో చాలా వచ్చింది. ఈసారి ఆయన అంగడి గురించి చెప్పుకుందాం.

ఇమామ్ గారి అసలు పేరు నుఅమాన్, తండ్రి పేరు సాబిత్. తాత జూతా స్వస్థలం కాబూల్ ప్రాంతమని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 80లో, అంటే క్రీ.శ. 699లో ఆయన ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో సైనిక శిబిరంగా వెలసిన ఈ నగరం హజ్రత్ అలీ (రజి) కాలంలో ఖిలాఫత్‌కు కేంద్రమైంది. నుఅమాన్ పుట్టేనాటికి అక్కడ ఒకవైపు పెద్ద మస్జిదులో విద్యా వలయాలు సాగుతుంటే, మరోవైపు దూరదేశాల సరుకుతో బజారు కళకళలాడుతుండేది. సాబిత్ కుటుంబం ఆ బజారుకు చెందినది. వారిది ఖజ్ వ్యాపారం. ఖజ్ అంటే పట్టు, ఉన్ని కలిపి నేసిన ఖరీదైన బట్ట. మేలిమి పట్టు పురుషులకు నిషిద్ధం గనుక ఈ మిశ్రమ వస్త్రానికి ఆనాడు మంచి గిరాకీ ఉండేది.

యువకుడైన నుఅమాన్‌కు వ్యాపారమే లోకం. ఒకరోజు బజారుకు వెళ్తూ ఆయన ఇమామ్ షఅబీ (రహ్మలై) ఇంటి ముందుగా నడుస్తున్నారు. షఅబీ కూఫాలో పేరుమోసిన పండితులు. ఆయన ఈ యువకుణ్ణి పిలిచి ఎవరి దగ్గరకు వెళ్తున్నావని అడిగారు. నుఅమాన్ ఒక వర్తకుని పేరు చెప్పారు. తాను అడిగింది వర్తకుణ్ణి గురించి కాదనీ, ఏ పండితుని దగ్గరకు వెళ్తావని అడుగుతున్నాననీ షఅబీ వివరించారు. అటువైపు తాను వెళ్ళేది తక్కువేనని నుఅమాన్ ఒప్పుకున్నారు. ఆయనలో చురుకైన బుద్ధిని చూస్తున్నాననీ, విద్యను నిర్లక్ష్యం చేయవద్దనీ షఅబీ హితవు చెప్పారు. ఆ మాట నుఅమాన్ హృదయంలో నాటుకుపోయింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. షఅబీ మాట విన్నాక నుఅమాన్ బజారుకు వెళ్ళడం తగ్గించారు గానీ అంగడి మూసివేయలేదు. భాగస్వాములను, నమ్మకమైన మనుషులను పెట్టుకున్నారు. లెక్కలు మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నారు. నేటి మన పిల్లల ముందు చదువా, వ్యాపారమా అని రెండు దారులు పెట్టి ఒకటి ఎంచుకోమంటున్నాం. ఆయన రెంటినీ జీవితాంతం నడిపారు.

మొదట ఆయన మనసు అఖీదా చర్చల వైపు మళ్ళింది. ఆనాడు రకరకాల వర్గాల వాదోపవాదాలకు కేంద్రం బస్రా నగరం. నుఅమాన్ అక్కడికి ఇరవైసార్లకు పైగా వెళ్ళి వాదనల్లో పాల్గొన్నారు. ఆ తరువాత ఒక చిన్న సంఘటన ఆయన దారి మార్చిందని అంటారు. ఒక స్త్రీ వచ్చి తలాఖ్‌కు సంబంధించిన మస్అలా అడిగింది. ఆయనకు సమాధానం తెలియలేదు. దగ్గరలోనే పాఠం చెబుతున్న హమ్మాద్ బిన్ అబూ సులైమాన్ గారిని అడిగి, ఆ జవాబేమిటో తనకు కూడా వచ్చి చెప్పమని ఆమెను కోరారు. ఆమె చెప్పిన జవాబు విన్నాక లేచి, చెప్పులు తీసుకుని నేరుగా హమ్మాద్ వలయంలోకి వెళ్ళి కూర్చున్నారు. హిజ్రీ 120లో గురువు మరణించేదాకా, సుమారు 18 సంవత్సరాలు, ఆయన ఆ వలయాన్ని విడిచిపెట్టలేదు. గురువు గారి స్థానంలో కూర్చునేనాటికి ఇమామ్ గారి వయస్సు 40.

కూఫాలో అమ్ర్ బిన్ హురైస్ (రజి) గారి భవనంలో ఇమామ్ గారి దుకాణం ఉండేది. అది నగరంలో అందరికీ తెలిసిన దుకాణం. అక్కడ బేరం ఎలా సాగేదో చెప్పే సంఘటనలు జీవిత చరిత్రల్లో చాలా ఉన్నాయి. అందులో రెండు మూడు మన పిల్లలకు తప్పక చెప్పవలసినవి.

ఒక స్త్రీ ఖజ్ వస్త్రం ఒకటి అమ్మడానికి తెచ్చింది. ధర ఎంత అంటే 100 దిర్హములంది. అది అంతకంటే విలువైనదని ఇమామ్ గారు చెప్పారు. ఆమె వంద పెంచింది. ఇంకా ఎక్కువే అన్నారు. అలా 400 వరకు వచ్చేసరికి, తనను ఆటపట్టిస్తున్నారేమోనని ఆమెకు అనుమానం కలిగింది. అయితే తెలిసిన మనిషినొకరిని పిలుచుకురమ్మన్నారు. వచ్చినవాడు దాని వెల కట్టాడు. చివరకు ఇమామ్ గారు దాన్ని 500కు కొన్నారు. కొనేవాడు తానై ఉండి, అమ్మేవారి తరఫున ధర పెంచిన బేరం ఇది. ఎదుటివాడికి ధర తెలియకపోవడమే మన లాభం అని నేర్పే నేటి బజారుకు ఇది వింతగా తోచవచ్చు.

మరొక వృద్ధ స్త్రీ వచ్చి, తాను బలహీనురాలిననీ, ధరలు తెలియవనీ, ఆ బట్ట తనకు ఎంతకు పడిందో అంతకే ఇవ్వమనీ కోరింది. నాలుగు దిర్హములు ఇచ్చి తీసుకెళ్ళమన్నారు ఇమామ్ గారు. ముసలిదాన్నని ఎగతాళి చేస్తున్నారా అని ఆమె నొచ్చుకుంది. అప్పుడాయన లెక్క విప్పి చెప్పారు. రెండు బట్టలు కలిపి కొన్నాను, మొదటిదాన్ని అమ్మితే మొత్తం పెట్టుబడిలో నాలుగు దిర్హములు తప్ప అంతా తిరిగి వచ్చింది, కనుక ఇది నాకు నాలుగు దిర్హములకే పడింది అన్నారు. కొన్న ధరకే అమ్మే ఈ పద్ధతిని ఫిఖ్హ్‌లో తౌలియా అంటారు. ఇందులో కొనేవాడు అమ్మేవాడి మాట మీదే ఆధారపడతాడు గనుక లెక్కలో దాపరికం ద్రోహమవుతుంది. ఇమామ్ గారు మస్జిదులో చెప్పిన పాఠం, అంగట్లో చెప్పిన ధర ఒకదానికొకటి సాక్ష్యంగా నిలిచాయి.

మూడవది ఆయన భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్‌కు సంబంధించినది. ఇమామ్ గారు ఆయనకు సరుకు పంపుతూ, అందులో ఫలానా బట్టలో లోపం ఉందనీ, కొనేవారికి అది చూపించి అమ్మమనీ చెప్పి పంపారు. హఫ్స్ ఆ సంగతి మరచిపోయి అమ్మేశారు. కొన్నదెవరో కూడా గుర్తులేదు. విషయం తెలిసిన ఇమామ్ గారు ఆ ఒక్క బట్ట ధరనే కాదు, ఆ సరుకు మొత్తం మీద వచ్చిన సొమ్మును సదఖా చేసేశారు. ఆ మొత్తం 30 వేల దిర్హములని కొన్ని గ్రంథాలు చెబుతున్నాయి. తనకు బాకీ ఉన్నవాని గోడ నీడలో నిలబడటానికి కూడా ఆయన ఇష్టపడలేదని మరొక ఉల్లేఖనం. అప్పు వల్ల కలిగే ఏ చిన్న ప్రయోజనమైనా వడ్డీ వాసన వేస్తుందేమోనని ఆయన భయం.

ఇన్ని చెప్పాక మేము ఒక మాట దాచకూడదు. ఇమామ్ గారు ఏమీ లేని స్థితి నుంచి వ్యాపారం మొదలుపెట్టలేదు. తండ్రి నుంచి వచ్చిన అంగడి, పేరు, పెట్టుబడి ఆయనకు ఉన్నాయి. అవేవీ లేని విద్యార్థి పరిస్థితి ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు ఆయన పాఠశాలలోనే ఉంది.

ఆయన దగ్గర చదివేవారిలో యాఖూబ్ అనే బీద బాలుడు ఉండేవాడు. ఇంట్లో తిండికి కరువు. చదువు మాన్పించి పనిలో పెట్టాలని ఇంటివారి ప్రయత్నం. ఒక ఉల్లేఖనం ప్రకారం తల్లి వచ్చి పాఠం మధ్యలోంచి చెయ్యిపట్టి లాక్కెళ్ళేది. ఇమామ్ గారు విషయం కనుక్కుని ఆ బాలునికి 100 దిర్హముల సంచి ఇచ్చారు. అయిపోతే చెప్పమన్నారు. అయితే యాఖూబ్ ఎన్నడూ చెప్పవలసిన అవసరం రాలేదు. డబ్బు నిండుకునే వేళకు, ఎవరో చెప్పినట్లుగా, మరో సంచి అందేది. ఈ బాలుడే తరువాత ఇమామ్ అబూ యూసుఫ్‌గా ప్రసిద్ధులయ్యారు. ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించి, రాజ్య ఆదాయ విధానంపై కితాబుల్ ఖరాజ్ రచించారు. ఆ అబ్బాయికి ఇమామ్ గారు అంగడి పెట్టుకోమని చెప్పలేదు. వాడి బుద్ధి దేనికి తగినదో చూసి, దానికి తన అంగడి లాభాన్ని పెట్టుబడిగా పెట్టారు. ప్రతివాడూ వ్యాపారి కావాలని మేము అనడం లేదు. కానీ పదిమంది యాఖూబ్‌లను చదివించడానికి ఒక నుఅమాన్ అంగడి నడవాలి.

ఏడాది పొడుగునా వచ్చిన లాభాన్ని ఇమామ్ గారు కూడబెట్టి, దానితో పండితులకు, హదీసువేత్తలకు బట్టలు, తిండిగింజలు కొని పంపేవారు. మిగిలిన దీనార్లు కూడా వారికే ఇచ్చేవారు. ఇది తన సొమ్ము కాదనీ, వారి సరుకు మీద అల్లాహ్ తన చేతి ద్వారా ఇచ్చిన లాభమనీ చెప్పి, తీసుకునేవారికి సిగ్గు కలగకుండా చూసేవారు. ఇబ్రాహీమ్ బిన్ ఉయైనా అనే వ్యక్తి నాలుగు వేల దిర్హములకు పైబడిన అప్పు వల్ల ఖైదులో ఉంటే స్నేహితులు చందాలు పోగుచేయసాగారు. ఇమామ్ గారు వసూలు చేసినదంతా ఎవరిది వారికి తిరిగి ఇప్పించి, మొత్తం బాకీ తానే చెల్లించారు.

ఇక పెట్టుబడి లేనివారి మాట. బజారులో పెరిగిన మనిషి ధర్మశాస్త్రాన్ని బోధిస్తే అది ఎలా ఉంటుందో చూడాలంటే హనఫీ ఫిఖ్హ్‌లోని భాగస్వామ్య అధ్యాయాలు చూడాలి. మూడు రకాలు మన యువకులకు నేరుగా పనికొచ్చేవి.

మొదటిది ముజారబత్. ఒకరి డబ్బు, మరొకరి శ్రమ. లాభం ముందుగా అనుకున్న వాటా ప్రకారం, సగమో మూడోవంతో పంచుకుంటారు. నెలకు ఇంత అని స్థిరమైన మొత్తం రాసుకుంటే ఒప్పందం చెడిపోతుంది. నష్టం వస్తే అది డబ్బు పెట్టినవాడిదే. పనిచేసినవాడు నిర్లక్ష్యం, ద్రోహం చేయనంతవరకు అతనికి పోయేది అతని శ్రమే. ఇంట్లో మామయ్య దగ్గర గల్ఫ్ డబ్బు ఊరికే ఉంది, మేనల్లుడి దగ్గర చదువు, ఓపిక ఉన్నాయి అనుకోండి. వీరిద్దరి మధ్య వడ్డీ లేని ఒప్పందం కుదరడానికి 13 శతాబ్దాల క్రితమే దారి వేసి ఉంది.

రెండవది పనిలో భాగస్వామ్యం. పెట్టుబడి ఎవరికీ లేదు, చేతిలో పని ఉంది. ఇద్దరు దర్జీలు, లేదా ఒక దర్జీ, ఒక రంగరేజు కలిసి పనులు ఒప్పుకుని కూలిని పంచుకోవడం మన ఫిఖ్హ్ గ్రంథాల్లో ఇచ్చే ఉదాహరణ. దర్జీ, రంగరేజుల స్థానంలో మోటార్ల మరమ్మతు తెలిసినవాణ్ణి, కంప్యూటర్ తెలిసినవాణ్ణి పెట్టి చూడండి.

మూడవది షిర్కతుల్ వుజూహ్. ఇది అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది. ఇందులో డబ్బు లేదు, చేతిపని కూడా లేదు. ఉన్నది మంచిపేరు. ఇద్దరు కలిసి తమ పేరు మీద నమ్మకంతో సరుకు అరువుగా తెచ్చి, అమ్మి, బాకీ తీర్చి, మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత బాధ్యత వహించారో ఆ మేరకు పంచుకుంటారు. ఇమామ్ షాఫియీ (రహ్మలై) ఈ చివరి రెండు పద్ధతులను అంగీకరించలేదు. హనఫీ పాఠశాల అంగీకరించింది. మంచిపేరే మూలధనమైన చోట ఒక్క అబద్ధంతో దివాలా తీయవచ్చునన్నది వేరే చెప్పనవసరం లేదు.

మన మదరసాల్లో ఈ అధ్యాయాలన్నీ చదివిస్తారు. పరీక్ష రాశాక పుస్తకం అటకెక్కుతుంది. కాలేజీ పిల్లలకైతే ఇవి ఉన్నాయనే తెలియదు. ఈ విద్యను మన గడ్డ మీద కాపాడినవారు లేకపోలేదు. హైదరాబాద్‌లోని జామియా నిజామియాలో బోధించిన మౌలానా అబుల్ వఫా అఫ్ఘానీ (రహ్మలై) ఇమామ్ గారి పేరుమీదనే ఇహ్యావుల్ మఆరిఫిన్ నుఅమానియా అనే సంస్థను నెలకొల్పి, ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల ప్రాచీన గ్రంథాలను వ్రాతప్రతుల నుంచి పరిష్కరించి అచ్చువేయించారు. 1975లో మరణించిన ఆ పండితుని కృషి వల్ల అరబ్ దేశాల విద్యార్థులు సైతం ఆ గ్రంథాలను హైదరాబాద్ ప్రతుల్లో చదువుకున్నారు.

ఆ ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ కూడా అబూ హనీఫా గారి శిష్యులే. ఆయన సంపాదన మీద ప్రత్యేకంగా కితాబుల్ కస్బ్ అనే గ్రంథం రాశారు. కూలిపని, వ్యాపారం, వ్యవసాయం, చేతివృత్తి అని సంపాదనను నాలుగు విధాలుగా విభజించి, విద్యార్జన ఎలా విధియో ధర్మసమ్మతమైన సంపాదన కూడా అలాగే విధి అని వాదించారు. అల్లాహ్‌పై నమ్మకం ఉన్నవాడు పని మానుకోవాలని చెప్పేవారి వాదనలను ఆ గ్రంథం ఖండిస్తుంది. ఫత్వా ఇచ్చే ముందు బజారు వ్యవహారం తెలియాలని ఆయన రంగరేజుల దగ్గరకు వెళ్ళి వారి ఒప్పందాలు ఎలా జరుగుతాయో అడిగి తెలుసుకునేవారట.

శిష్యుల్లో వ్యాపారిగా వెలిగినవారు మర్వ్ నగరానికి చెందిన అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మలై). హిజ్రీ 118లో జన్మించిన ఈయన హదీసు విద్యలో శిఖరం వంటివారు. హదీసుల కోసం తిరిగారు, సరిహద్దుల్లో కాపలా కాశారు, వీటితోపాటు సరుకు వ్యాపారం చేశారు. విద్యకు అంకితమైన కొందరు పండితులు లేకపోతే తాను వ్యాపారమే చేసేవాణ్ణి కానని ఆయన అనేవారు. హజ్ ప్రయాణంలో తోటివారందరి ఖర్చుల డబ్బు తీసుకుని ఒక పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. దారి పొడుగునా మంచి భోజనం పెట్టించి, మక్కా, మదీనాల్లో ఇంటివారికి కానుకలు కూడా కొనిపించి, మర్వ్ చేరాక పెట్టె తెరిచి ఎవరి సంచి వారికి ఇచ్చేసేవారు. ఖర్చంతా ఆయన వ్యాపారం నుంచే.

ఇక అంగడి ఇమామ్ గారికి ఇచ్చిన అతి పెద్ద వస్తువు గురించి చెప్పాలి. అది ధనం కాదు. బనూ ఉమయ్యా పాలన చివరి రోజుల్లో ఇరాక్ గవర్నరు ఇబ్నె హుబైరా ఆయనకు ప్రభుత్వ పదవి ఇవ్వజూపాడు. ఆయన నిరాకరించారు. గవర్నరు కొరడా దెబ్బలు కొట్టించాడు. రోజుకు పది చొప్పున 110 దెబ్బలని ఉల్లేఖనాలు ఉన్నాయి. తల వాచిపోయినా ఆయన ఒప్పుకోలేదు. విడుదలయ్యాక హిజ్రీ 130లో మక్కాకు వెళ్ళిపోయి, అబ్బాసీల పాలన స్థిరపడ్డాక కూఫాకు తిరిగివచ్చారు.

తరువాత ఖలీఫా మన్సూర్ వంతు. కొత్తగా కట్టిన బగ్దాద్‌కు ఆయనను పిలిపించి న్యాయమూర్తి పదవి స్వీకరించమన్నాడు. తాను దానికి తగనని ఇమామ్ గారు బదులిచ్చారు. అబద్ధమాడుతున్నావని ఖలీఫా కోపించాడు. అలాగైతే అబద్ధాలకోరు న్యాయమూర్తి పదవికి ఎలాగూ తగడు కదా అని ఇమామ్ గారి జవాబు. కారాగారం ప్రాప్తించింది. పదవి కోరేవాణ్ణి లొంగదీసుకోవడం పాలకులకు సులభం. జీతం మీద బతికేవాణ్ణి భయపెట్టడమూ సులభమే. కూఫా బజారులో హలాల్ అన్నం తినే ఈ మనిషి నోటి దగ్గర నుంచి తీసివేయడానికి వారి చేతిలో ఏమీ లేకపోయింది. ఉన్నది కొరడా, ఖైదు మాత్రమే.

హిజ్రీ 150లో, అంటే క్రీ.శ. 767లో, 70 ఏళ్ళ వయస్సులో ఆయన బగ్దాద్‌లో కన్నుమూశారు. ఖైదులోనే మరణించారని చాలామంది రాశారు. విషం ఇచ్చారని కొందరు రాశారు. జనాజాకు జనం పోటెత్తగా నమాజు మళ్ళీ మళ్ళీ చేయవలసి వచ్చింది. ఆయనను ఖైజురాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ పరిసరాలను నేటికీ ఆయన బిరుదు మీదుగా ఆజమియా అంటారు.

ఆయన మరణానికి ముందు ఖలీఫా ఒకసారి 10 వేల దిర్హములు కానుకగా పంపాడు. తెచ్చింది హసన్ బిన్ ఖహ్తబా అనే సేనాపతి. ఇమామ్ గారు అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ సంచిని ఇంట్లో ఒక మూల పడేయించారు. దాన్ని ఎవరూ తాకలేదు. కుమారుడు హమ్మాద్‌కు మాత్రం ఒక వసిఅత్ చేశారు. తండ్రిని ఖననం చేసి వచ్చాక హమ్మాద్ ఆ సంచిని, వేసిన ముడి వేసినట్లే ఉండగా, హసన్ బిన్ ఖహ్తబా ఇంటికి తీసుకెళ్ళి, ఇది మీరు మా నాన్నగారి దగ్గర ఉంచిన అమానత్ అని చెప్పి అప్పగించారు.